ఎయిర్ ఫ్రయర్‌లో స్టేక్: పైన ఎర్రగా కాలాలి, లోపల రసం ఉండాలి

ఎయిర్ ఫ్రయర్‌లో స్టేక్, అంటే మందంగా కోసిన బీఫ్ ముక్క, చేసినవాళ్లు ముఖ్యంగా రెండు మాటలు చెబుతుంటారు. పైన రంగే రాలేదు, ఉడకబెట్టినట్టు బూడిద రంగులో ఉందని కొందరు. రంగు వచ్చేదాకా ఉంచితే ఈలోగా లోపల ఎండిపోయి గట్టిపడిందని మరికొందరు. రెండూ ఒకే కారణంతో వస్తాయి. ముక్క మీద తడి ఉండగానే మెషీన్‌లో పెట్టేస్తే, ఆ తడి ఆరడానికే సగం సమయం పోతుంది. ఆ సమయమంతా వేడి మాత్రం లోపలికి వెళ్తూనే ఉంటుంది. పైన కాలడం మొదలయ్యేసరికి లోపల ఉడకడం అయిపోతుంది.

అందుకే ఈ వంటలో అసలు పని మెషీన్ ఆన్ చేయకముందే జరగాలి. వీలైతే ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి. ఆ పని సరిగ్గా చేసినవాళ్లకు మామూలు ఎయిర్ ఫ్రయర్‌లో కూడా మంచి రంగు వస్తుంది.

మెషీన్ లోపల ఏం జరుగుతుంది

ఎయిర్ ఫ్రయర్ అంటే పైన వేడి కాయిల్, దాని మీద జోరుగా తిరిగే ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్. వేడి గాలి ముక్క చుట్టూ తిరుగుతుంది. అయితే గాలి వేడిని అందించే వేగం ఇనుముతో పోలిస్తే చాలా తక్కువ. 200 డిగ్రీల ఓవెన్‌లో చెయ్యి ఒక్క క్షణం పెట్టి తీసేయగలం, అదే వేడిలో ఉన్న పెనాన్ని తాకితే వెంటనే కాలుతుంది. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.) పెనం మీద నిమిషంలో వచ్చే రంగు గాలిలో రావడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, ఆ ఆలస్యాన్ని తగ్గించే ప్రతి పనీ ఇక్కడ ముఖ్యమే.

మాంసం పైభాగం దాదాపు 140 డిగ్రీలు దాటాక అందులోని అమైనో ఆమ్లాలు, కొన్ని రకాల చక్కెరలు కలిసి గోధుమ రంగును, మనకు నోరూరించే ఆ కాలిన వాసనను పుట్టిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి మయార్ రియాక్షన్ అంటారు. చిక్కంతా నీటితోనే. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, అది పూర్తిగా పోయేదాకా ఆ చోట వేడి అంతకు మించి పెరగదు. పచ్చి కట్టె పొయ్యిలో పెడితే తడి పోయేదాకా మంట ఎలా అందుకోదో, తడి స్టేక్ కూడా అలాగే రంగు తేలదు.

లోపలి లెక్క పూర్తిగా వేరు. పచ్చి మాంసంలో నూటికి 70 నుంచి 75 వంతులు నీరే. లోపలి వేడి 50 డిగ్రీలు దాటేసరికి మయోసిన్ అనే ప్రోటీన్ బిగుసుకుని, పచ్చి మాంసపు జారుడు మెత్తదనం పోతుంది. ఇంతవరకూ మంచిదే. 60 దాటాక కండ పోగులను చుట్టి ఉండే కొల్లాజెన్ కుంచించుకుపోతూ రసాన్ని బయటికి పిండేస్తుంది. 66 దాటాక యాక్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా బిగుస్తుంది, అక్కడి నుంచి ముక్క పొడిబారడం మొదలవుతుంది. అంటే పైన 140 దాటాలి, లోపల 60 దాటకుండా ఉండాలి. మనం చేసేదంతా ఈ రెండు అంకెల మధ్య తేడాను కాపాడుకోవడమే.

పైన బాగా కాలిస్తే రసం లోపలే బందీ అయిపోతుందనే మాట మీరు వినే ఉంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ వల్ల అది బాగా ప్రచారంలోకి వచ్చింది. అది నిజం కాదు. పెనం మీద బాగా కాలిన స్టేక్ కూడా చుయ్‌మంటూనే ఉంటుంది. ఆ చప్పుడు బయటికి వస్తున్న నీటిదే. పైన కాల్చేది రుచి కోసం. రసాన్ని నిలబెట్టేది లోపలి వేడిని అదుపులో పెట్టుకోవడం. ఈ రెండిటినీ వేర్వేరు పనులుగా చూడడం మొదలుపెడితే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఏ ముక్క తీసుకోవాలి

అన్నిటికంటే ముందు మందం చూడండి. ఎయిర్ ఫ్రయర్‌కు 3 సెంటీమీటర్ల మందం బాగా నప్పుతుంది. 2.5 అయినా ఫర్వాలేదు. 2 కంటే తక్కువైతే రంగు వచ్చేలోపు లోపల అయిపోతుంది. అలాంటి పల్చని ముక్కలకు బాగా కాగిన పెనమే మంచిది, వాటిని ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. 4 సెంటీమీటర్లు, అంతకంటే మందం ఉంటే రెండు దశల్లో చేయాలి, అది కింద విడిగా చెప్పాను. రెండు ముక్కలు ఒకేసారి చేసేటట్టయితే రెండూ ఒకే మందంలో ఉండాలి. బరువులో కాస్త తేడా ఉన్నా నష్టం లేదు, మందంలో తేడా ఉంటే మాత్రం ఒకటి అయ్యేసరికి ఇంకొకటి చెడుతుంది.

కోతల్లో రిబ్ ఐ (పక్కటెముకల దగ్గరి ముక్క) నా మొదటి ఎంపిక. కండ మధ్యలో సన్నని తెల్లటి కొవ్వు గీతలు అల్లుకుని ఉంటాయి. వేడికి ఆ కొవ్వు కరిగి పైభాగమంతా పాకుతుంది, రంగు రావడానికి అదే సాయపడుతుంది. కాస్త ఎక్కువ ఉడికినా నోట్లో ఎండినట్టు అనిపించదు. స్ట్రిప్ లాయిన్ (నడుము దగ్గరి ముక్క) కూడా మంచిదే. దాని ఒక అంచున కొవ్వు పట్టీ ఉంటుంది, దానికి రెండు మూడు చోట్ల అడ్డంగా కత్తి గాట్లు పెట్టండి. లేకపోతే అది వేడికి కుంచించుకుని ముక్క మొత్తాన్ని వంచేస్తుంది, అప్పుడు పైభాగం సమంగా కాలదు. గాటు కొవ్వులోనే ఆగాలి, కండలోకి దిగకూడదు.

టెండర్‌లాయిన్ (వెన్నెముక కింది కండ) చాలా మెత్తగా ఉంటుంది గానీ కొవ్వు తక్కువ, రంగు నిదానంగా వస్తుంది. ఎముకతో వచ్చే టీ బోన్ మొదటిసారి చేసేవాళ్లు తీసుకోకపోవడమే మంచిది. అందులో ఎముకకు చెరో పక్క రెండు వేర్వేరు కండలు ఉంటాయి, రెండూ ఒకేసారి ఉడకవు. ఎముకను ఆనుకున్న చోటు అన్నిటికంటే ఆలస్యమవుతుంది.

ప్యాకెట్ మీద సూదులతో గానీ బ్లేడ్లతో గానీ గుచ్చి మెత్తబరిచినట్టు రాసి ఉందేమో చూడండి. మామూలు ముక్కలో సూక్ష్మజీవులు పైనే ఉంటాయి, పైన కాలగానే చచ్చిపోతాయి. గుచ్చిన ముక్కలో అవి లోపలికి చేరి ఉండవచ్చు కాబట్టి దాన్ని లోపల ఎర్రగా వదిలేయకూడదు.

ఉప్పు వేసి ఆరబెట్టడం

ఈ గైడ్‌లో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

మాంసాన్ని కుళాయి కింద కడగవద్దు. కడిగితే సూక్ష్మజీవులు పోవు సరికదా, నీటి తుంపర్లతో సింకు చుట్టూ పడతాయి. పైగా మనం వదిలించుకోవాలనుకునే తడిని మనమే తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది. ప్యాకెట్ లోంచి తీసి, కిచెన్ టిష్యూతో గట్టిగా అద్దండి. తుడవడం కాదు, అద్ది నొక్కి పట్టుకోవాలి. రెండు ముఖాలూ, చుట్టూ అంచులూ అద్దాలి. టిష్యూ తడిస్తే ఇంకొకటి తీసుకోండి.

తర్వాత ఉప్పు. అర కిలో మాంసానికి సుమారు 5 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు ఒక టీస్పూన్‌కు కాస్త తక్కువ. కొంచెం ఎత్తు నుంచి చల్లితే సమంగా పడుతుంది. అంచులను మరచిపోకండి. ఒక పళ్లెం మీద జాలీ స్టాండ్ పెట్టి, దాని మీద ముక్క ఉంచి, ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. 8 గంటల నుంచి 24 గంటల దాకా ఉండవచ్చు. కింది అరలోనే పెట్టండి, పైన పెడితే దాని రసం మిగతా వాటి మీద కారే ప్రమాదం ఉంది.

మొదటి కొన్ని నిమిషాల్లో ఉప్పు మాంసంలోని నీటిని పైకి లాగుతుంది, చిన్న చిన్న చెమట బొట్లు కనిపిస్తాయి. ఆ నీటిలో ఉప్పు కరుగుతుంది. ఇంకాసేపటికి ఆ ఉప్పునీరు మెల్లగా మళ్లీ లోపలికి ఇంకడం మొదలవుతుంది. లోపలికి వెళ్లిన ఉప్పు ప్రోటీన్ల అల్లికను కొంచెం వదులు చేస్తుంది, దాంతో వేడి తగిలినప్పుడు అవి నీటిని కాస్త ఎక్కువగా పట్టి ఉంచుతాయి. ఈలోగా ఫ్రిజ్‌లోని పొడి గాలి పైభాగాన్ని ఆరబెడుతుంది. ఒకే పనితో లోపల రసం, పైన పొడిదనం రెండూ వస్తాయి. మర్నాడు చూస్తే ముక్క పైన రంగు ముదిరి, తాకితే వేలికి తడి అంటకుండా ఉంటుంది. చూడడానికి పాతబడినట్టు అనిపించినా కంగారు పడకండి, మనకు కావలసింది అదే.

అంత సమయం లేకపోతే కనీసం 45 నిమిషాలు ఇవ్వండి. అదీ కుదరకపోతే మెషీన్‌లో పెట్టే క్షణంలోనే ఉప్పు వేయండి. ఈ రెండిటికీ మధ్య, అంటే ఉప్పు వేసి 10 నుంచి 30 నిమిషాలకు వండడమే అన్నిటికంటే చెడ్డది. అప్పటికి నీరంతా పైకి వచ్చి నిలిచి ఉంటుంది, లోపలికి ఇంకి ఉండదు. ఎలా చేసినా, పెట్టేముందు ఇంకోసారి టిష్యూతో అద్దండి.

వండేముందు ముక్కను గంటసేపు బయట పెట్టి చల్లదనం పోనివ్వాలని చాలామంది చెబుతారు. ఎయిర్ ఫ్రయర్ విషయంలో నేను దానికి ఒప్పుకోను. 3 సెంటీమీటర్ల ముక్క అరగంట బయట ఉన్నా మధ్యలో వేడి పెరిగేది కొద్ది డిగ్రీలే. పైగా ఇక్కడ చల్లని మధ్యభాగం మనకు మేలే చేస్తుంది: లోపల ఉడకడానికి ఎక్కువ సమయం పడితే, పైన రంగు రావడానికి అంత గడువు దొరుకుతుంది. ఫ్రిజ్ నుంచి నేరుగా తీసి వండండి.

నూనె, మసాలా

ముక్కకు ఒక టీస్పూన్ నూనె చాలు. చేత్తో పల్చగా, మెరుపు కనిపించేలా రాయండి. మాంసం పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది, నూనె ఆ సందుల్లో నిండి వేడిని సమంగా పాకిస్తుంది. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్, వేరుశనగ లాంటి ఎక్కువ వేడికి తట్టుకునే నూనెలు వాడండి. ఎక్కువ పోస్తే లాభం లేదు, కిందికి కారి పొగ వస్తుంది. డబ్బాలో వచ్చే నాన్ స్టిక్ స్ప్రేలు వద్దు, వాటిలోని లెసిథిన్ అనే పదార్థం బాస్కెట్ కోటింగ్ మీద జిగటగా పేరుకుపోతుంది.

టెండర్‌లాయిన్ లాంటి కొవ్వు తక్కువ ముక్కకైతే నూనె బదులు మయొనేజ్‌ను చాలా పల్చని పొరగా రాసి చూడండి. అందులో నూనెతో పాటు గుడ్డులోని ప్రోటీన్ కూడా ఉంటుంది, అది ముక్కకు అతుక్కుని రంగు త్వరగా తెస్తుంది. పొర పల్చగా ఉంటే తినేటప్పుడు మయొనేజ్ రుచి తెలియదు.

మిరియాలు, వెల్లుల్లి పొడి ఇంత వేడికి ఓర్చుకునేవి కావు, మాడి చేదెక్కుతాయి. మిరియాల పొడి వండాక వేసుకుంటే వాసన కూడా తాజాగా ఉంటుంది. చక్కెర, తేనె ఉన్న నీళ్ల మసాలాల్లో నానబెట్టడం ఈ పద్ధతికి పనికిరాదు.

థర్మామీటర్ తప్పనిసరి

ఇన్ని నిమిషాలకు అవుతుందని ఎవరు చెప్పినా అది ఉజ్జాయింపే. మెషీన్ పవర్, బాస్కెట్ సైజు, ముక్క మందం, ఫ్రిజ్ చల్లదనం అన్నీ మారుతుంటాయి. మెషీన్ మీద 200 అని చూపించినా లోపల అంతే ఉందని నమ్మకం లేదు. వేలితో నొక్కి మెత్తదనాన్ని బట్టి చెప్పే పద్ధతి రోజూ పదుల కొద్దీ స్టేక్‌లు చేసేవాళ్లకు కుదురుతుంది గానీ ఎప్పుడో ఒకసారి చేసుకునేవాళ్లకు కాదు. సూదిలాంటి మొన ఉండి, కొన్ని సెకన్లలోనే అంకె చూపించే డిజిటల్ కిచెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. స్టేక్ విషయంలో ఖరీదైన ఎయిర్ ఫ్రయర్ కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

అది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, నీళ్లు పోసి, కలిపి, మొనను మధ్యలో ముంచండి. 0 దగ్గర చూపించాలి.

మొనను పైనుంచి కాకుండా ముక్క పక్క నుంచి, మందానికి సరిగ్గా మధ్యలోకి గుచ్చండి. పైనుంచి గుచ్చితే మొన నడిమధ్యన ఉందో, కిందికి దిగిపోయిందో తెలియదు. ఎముకకు, కొవ్వు పట్టీకి తగలకూడదు. రెండు చోట్ల చూసి, తక్కువ చూపించిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

మెషీన్ నుంచి తీశాక కూడా పైభాగంలోని వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది, మరో 3 నుంచి 5 డిగ్రీలు పెరుగుతుంది. కాబట్టి అనుకున్న అంకె కంటే ముందే తీసేయాలి. మధ్యలో ఎర్రగా, వెచ్చగా ఉండే మీడియం రేర్ చివరికి 54 నుంచి 57 ఉంటుంది, దానికి 51 దగ్గర తీయండి. గులాబీ రంగులో ఉండే మీడియం 60 నుంచి 63, దానికి 57 దగ్గర. గులాబీ ఛాయ కొద్దిగానే మిగిలే మీడియం వెల్ 65 నుంచి 68, దానికి 62 దగ్గర. 71 దాటితే వెల్ డన్. అది ఇష్టపడేవాళ్లు రిబ్ ఐ తీసుకుంటే అందులోని కొవ్వు వల్ల కొంతైనా మెత్తగా ఉంటుంది.

అమెరికా వ్యవసాయ శాఖ ముక్క మాంసానికి 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం సురక్షితమని చెబుతుంది. కైమాకైతే 71. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు తినేటట్టయితే ఈ లెక్క తప్పవద్దు. సూదులతో గుచ్చిన ముక్కకూ అంతే.

కోసినప్పుడు పళ్లెంలోకి వచ్చే ఎర్రటి రసం చూసి రక్తమని కొందరు వెనక్కి తగ్గుతారు. అది రక్తం కాదు. కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ కలిసిన నీరు.

ఇక వండుదాం

1. బాస్కెట్, దాని కింది ట్రే శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. వంటగదిలో పొగ నిండడానికి చాలాసార్లు కారణం ఈ రోజు కొవ్వు కాదు, పోయినసారి మిగిలిన జిడ్డు.

2. ఖాళీ బాస్కెట్‌ను లోపలే ఉంచి, 200 డిగ్రీల దగ్గర లేదా మీ మెషీన్‌లో ఉన్న అత్యధిక వేడి దగ్గర 8 నుంచి 10 నిమిషాలు వేడి చేయండి. 3 నిమిషాలకే బీప్ వచ్చినా ఆగకండి. అప్పటికి గాలి వేడెక్కి ఉంటుంది గానీ బాస్కెట్ లోహం ఇంకా వేడెక్కదు.

3. ముక్కను చివరిసారిగా అద్ది, నూనె రాసి, పట్టకారుతో బాస్కెట్‌లో పెట్టండి. పెట్టగానే చుయ్‌మనాలి. ముక్కల చుట్టూ గాలి తిరగడానికి కనీసం రెండు వేళ్ల ఎడం ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ చోట తెల్లగా ఉడికిపోతుంది. పట్టకపోతే విడతలుగా చేయండి.

4. మొదటి 5 నిమిషాలు తెరవకండి. తెరిచిన ప్రతిసారీ వేడి గాలంతా పోతుంది, కాయిల్ మళ్లీ అందుకోవాలి.

5. ఇప్పుడు తిప్పండి. పైకి వచ్చిన ముఖం తడిగా, పాలిపోయి కనిపిస్తుంది. కాయిల్ పైనే ఉంది కాబట్టి కింది వైపుకు నేరుగా వేడి తగలలేదు, రసం కూడా అటే దిగింది. మడిచిన టిష్యూను పట్టకారుతో పట్టుకుని ఆ తడిని ఒకసారి అద్దేయండి. రెండో వైపు రంగులో కనిపించే తేడా చాలావరకు ఈ పది సెకన్ల పనివల్లే వస్తుంది. టిష్యూను లోపల వదిలేయకుండా చూసుకోండి.

6. మరో 3 నిమిషాలకు థర్మామీటర్ పెట్టి చూడండి. అక్కడి నుంచి నిమిషానికో, రెండు నిమిషాలకో ఒకసారి. 2.5 సెంటీమీటర్ల ముక్కకు మీడియం రేర్ మొత్తం 8 నుంచి 10 నిమిషాల్లో, మీడియం 10 నుంచి 12 నిమిషాల్లో అవుతుంటుంది. 3 సెంటీమీటర్లకు ఇంకో రెండు నిమిషాలు కలుపుకోండి. చివర్లో వేడి వేగంగా ఎక్కుతుంది, 48 దాటాక పక్కకు వెళ్లకండి.

లోపల అయిపోవచ్చింది, పైన ఇంకా రంగు చాలలేదు అనిపిస్తే మెషీన్‌లోనే ఉంచి సాగదీయకండి. అనుకున్న అంకెకు 5 డిగ్రీల ముందే బయటికి తీసి, బాగా కాగిన ఇనప పెనం మీద ఒక్కో వైపు 45 సెకన్లు వేయండి. పెనం వాడితే ఎయిర్ ఫ్రయర్ ఎందుకని అనిపించవచ్చు. లోపల సమంగా ఉడికించే ఓపికైన పని మెషీన్ చేసింది, పెనం మీద ఒకటిన్నర నిమిషం పనే మిగిలింది. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి రుచి ఇంకా బాగుంటుంది.

మందం ముక్కకు రెండు దశలు

4 సెంటీమీటర్ల ముక్కను మొదటి నుంచీ 200 దగ్గర పెడితే మధ్యలో ఎర్రగా, అంచుల దగ్గర మందంగా బూడిద రంగు పట్టీలా వస్తుంది. దానికి బదులు ముందు తక్కువ వేడితో లోపల ఉడికించి, తర్వాత ఎక్కువ వేడితో పైన కాల్చండి.

మెషీన్‌ను 120 డిగ్రీల దగ్గర పెట్టి, ఆరబెట్టిన ముక్కను నూనె లేకుండా లోపల ఉంచండి. మధ్యలో ఒకసారి తిప్పండి. 15 నిమిషాల తర్వాత థర్మామీటర్ చూడడం మొదలుపెట్టి, 45 డిగ్రీలు రాగానే బయటికి తీయండి. సాధారణంగా 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. అప్పటికి ముక్క చూడడానికి ఏమీ బాగుండదు, కానీ తాకి చూడండి, పైభాగం కరకరలాడేంత పొడిగా ఉంటుంది. ఫ్యాన్ ఇంతసేపూ దాన్ని ఆరబెడుతూనే ఉంది. ఈ ఆరబెట్టే గుణమే ఎయిర్ ఫ్రయర్‌లో నాకు అన్నిటికంటే నచ్చే విషయం, మామూలు ఓవెన్ ఇంత త్వరగా ఆరబెట్టలేదు.

ముక్కను జాలీ మీద 8 నిమిషాలు వదిలేసి, ఈలోగా మెషీన్‌ను అత్యధిక వేడికి తెచ్చుకోండి. నూనె పల్చగా రాసి, ఒక్కో వైపు 2 నుంచి 3 నిమిషాలు పెట్టండి. పైభాగం ముందే ఆరి ఉండటంతో రంగు వెంటనే అందుకుంటుంది. సమయం ఉన్నప్పుడు 3 సెంటీమీటర్ల ముక్కకు కూడా నేను ఈ పద్ధతినే సిఫారసు చేస్తాను. మొదటి దశను 40 డిగ్రీల దగ్గరే ఆపాలి, అంతే తేడా.

తీశాక

జాలీ స్టాండ్ మీద 5 నిమిషాలు వదిలేయండి. పళ్లెంలో పెడితే కింది వైపు ఆవిరికి మెత్తబడి, కష్టపడి తెచ్చుకున్న పైపొర తడుస్తుంది. ఫాయిల్ కప్పినా అదే జరుగుతుంది, కప్పవద్దు. ఈ 5 నిమిషాల్లో లోపలి వేడి సర్దుకుని రసం కాస్త చిక్కబడుతుంది, కోసినప్పుడు పళ్లెంలోకి తక్కువ కారుతుంది.

వెన్న వేయాలనుకుంటే ఇప్పుడే. చిన్న గిన్నెలో వెన్న కరిగించి, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బ, థైమ్ అనే సువాసన ఆకు కొమ్మ ఉంటే అదీ వేసి, నురగ తగ్గగానే స్టేక్ మీద పోయండి. మెషీన్‌లో ఉండగా వెన్న వేస్తే అందులోని పాల పదార్థం మాడుతుంది. ఆకులైతే ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కు అంటుకుని కాలిపోతాయి. మిరియాలు కూడా ఇప్పుడే దంచి వేయండి.

కోసేముందు కండ పోగులు ఎటు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా కోయండి. పోగుల వెంబడి కోస్తే ఎంత బాగా వండిన ముక్కైనా నమలడానికి సాగుతుంది. అడ్డంగా కోస్తే పోగులు పొట్టివైపోయి నోట్లో తేలిగ్గా విడిపోతాయి. రిబ్ ఐలో రెండు కండలు కలిసి ఉంటాయి, పోగుల దిశ మధ్యలో మారుతుంది. ముందు కొవ్వు గీత దగ్గర విడదీసి, ఒక్కోదాన్ని వేరుగా కోస్తే మంచిది.

గడ్డకట్టిన ముక్కైతే ముందురోజే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి, ఆ తర్వాతే ఉప్పు. మిగిలిపోయిన స్టేక్‌ను వండిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే 3 రోజులు బాగుంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు 120 డిగ్రీల దగ్గర ముక్క మందాన్ని బట్టి 5 నిమిషాలో, ఇంకాస్త ఎక్కువో పెట్టండి. 200 దగ్గర పెడితే రెండోసారి వండినట్టే అయ్యి ఎండిపోతుంది. లేదంటే చల్లగానే పల్చగా కోసి సలాడ్‌లో వేసుకోండి, మీడియం రేర్‌గా వండిన ముక్కకు అదే బాగుంటుంది.

బాస్కెట్ కాస్త చల్లారగానే, కొవ్వు గడ్డకట్టకముందే వేడి నీళ్లూ సబ్బూ పోసి నానబెట్టండి. మెషీన్ ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక పైన కాయిల్ దగ్గర పడిన చిందులను కూడా తడి గుడ్డతో తుడవండి. అక్కడ మిగిలిన జిడ్డే తర్వాతిసారి పొగై వస్తుంది.